కొండ మీద నీళ్ళ బాటిల్

తలా ఒక వంటకం తెచ్చుకునే ఉగాది పొట్లక్‌లో, పులిహోర గిన్నె ముందు, పాతికమంది వింటుండగా డాక్టరు గారు ఆ మాట అన్నారు. ఆయనది వరంగల్, నాది తెనాలి.

"ఒక్కరోజు పందెమైతే నువ్వే రాజువి తమ్మీ. మూడు రోజులంటే కష్టం. ఆంధ్రోళ్ళు ఆరంభశూరులని ఊరికే అన్నరా?"

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

నలభై దాటినవాళ్ళ విభాగంలో నేను మా ప్రావిన్స్ సైకిల్ ఛాంపియన్‌ని. గెలిచినవన్నీ ఒక్కరోజు పందాలే, కాదనను. బ్రాంప్టన్‌లో డాక్టరు గారిదీ నాదీ ఒకటే సైకిల్ క్లబ్బు. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆ వేసవిలో క్యుబెక్‌లో జరిగే మూడు రోజుల పందెం గెలిచి, ఆ నవ్వులన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పాలనుకున్నాను. అక్కడ మూడు రోజుల సమయమూ కలిపి చూస్తారు. ఎవరిది తక్కువైతే వాళ్ళదే గెలుపు. అప్పటికి కాళ్ళలో సత్తువ మిగలాలంటే ముందున్న ఒక్కరోజు పందాలు కొన్ని మానుకొమ్మని ఆయనే సలహా ఇచ్చారు. నా టైటిల్‌కి ఎసరు పెడుతున్నారనుకుని ఒక్కటీ వదల్లేదు.

మూడో రోజు చివరి కొండెక్కుతుంటే కాళ్ళు చచ్చుబడ్డాయి. నా బాటిళ్ళు రెండూ ఖాళీ. చివరి పది కిలోమీటర్లలో బయటివాళ్ళ దగ్గర ఏదీ తీసుకోకూడదని నియమం. అదే పందెంలో నా ముందు తొక్కుతున్న డాక్టరు గారు, రోడ్డు పక్కన నిలబడ్డ వాళ్ళావిడ చేతిలోంచి బాటిల్ అందుకోవడం చూశాను. ఆయన తాగలేదు. వేగం తగ్గించి, నేను పక్కకు వచ్చేదాకా చూసి, నా చేతికిచ్చారు. తాగాను. ప్రాణం లేచొచ్చింది. ఆయన మళ్ళీ ముందుకు సాగిపోయారు. పైకి చేరేసరికి మొత్తం సమయంలో ఆయనది మొదటి స్థానం, నాది రెండోది. తేడా పంతొమ్మిది సెకన్లు.

హెల్మెట్ కూడా తీయకుండా జడ్జి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాను. చూసింది చూసినట్టే చెప్పాను, సగం వరకు. ఆమె ఆయన్ని పిలిచి అడిగింది. తీసుకున్నానన్నారు. ఎందుకని అడిగితే, దాహమేసిందన్నారు. నా వైపు చూడలేదు. శిక్షగా ఆయన సమయానికి ఇరవై సెకన్లు కలిపారు. ఒక్క సెకను తేడాతో పందెం నాదైంది.

మిగతా సగం చెప్పినా ఆయనకు శిక్ష తప్పేది కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నియమం నియమమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ జడ్జి ఇంకా నా ఎదురుగానే ఉంది. నేను హెల్మెట్ తీసి ఫొటోలకు వెళ్ళాను.

ఫొటోలయ్యాక డాక్టరు గారు నా దగ్గరికి వచ్చారు. కప్పు గురించి ఏమైనా అంటారని, దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఆ బాటిల్ ఇటియ్యి తమ్మీ," అన్నారు. "ఇంట్ల మీ వదిన మళ్ళ అడుగుతది."

అది నా సైకిల్‌కే ఉంది. తీసి ఇచ్చాను. అడుగున రెండు గుక్కల నీళ్ళు మిగిలాయి. ఆయన అక్కడే నిలబడి అవి తాగి, మూత బిగించి, కారు వైపు వెళ్ళిపోయారు.

ఉగాది నాటి మాటకు ఆయన ఇంతవరకు క్షమాపణ చెప్పలేదు. అడుగుదామంటే నాకు నోరు రావడం లేదు.