మగ్గం వెనక బెల్లం

తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే కుల్సుమ్‌కి ఏదైనా ఒక సంగతి అర్థం కాకపోతే ముద్ద దిగదు. చదివింది ఐదో తరగతే గానీ, "ఎందుకంటారు?" అన్న మాట ఆమె నోట రోజుకు పదిసార్లైనా వస్తుంది. తమ్మిలేరు మీద పొగమంచు తెల్లారేకే ఎందుకు చిక్కబడుతుంది? ఒకే రంగు బానలో ముంచిన రెండు చిలపల (దారం చుట్టల) ఉన్ని రెండు రకాల ఎరుపు ఎందుకు తేలుతుంది? "మా అత్తయ్య పోలీసుల్లో చేరాల్సింది, పొరపాటున మగ్గం ఎక్కారు" అని కోడలు ఫిజా నవ్వుతుంది.

తొమ్మిదో ఏట మగ్గం ముందు చెక్క పలక మీద తల్లి పక్కన కూర్చుని మొదటి ముడి వేసిన మనిషి. ఈ సంగతి జరిగేనాటికి యాభై తొమ్మిది. ఉన్నిని వేళ్ల మధ్య నలిపి, ఇది గొర్రె వీపు మీదిదా పొట్ట మీదిదా చెప్పేస్తుంది. అలాంటి మనిషి రెండు వేల ఏడో సంవత్సరం చలికాలంలో ఆ ఉన్ని విషయంలోనే తప్పులో కాలేసింది. అదీ ఒక కుక్క కోసం.

ఆ కుక్క పేరు బెల్లం. ఒంటి రంగు చూసి పక్కింటి కనకమ్మ పెట్టిన పేరు. అప్పటికి పదేళ్ల కిందట ఎక్కడి నుంచో వచ్చి గుమ్మం ముందు పడుకుంది, ఇక అక్కణ్నుంచి పోలేదు. మగ్గం పాకలో ఉన్ని చిలపలు ఉంటాయి కాబట్టి కాపలాకు పనికొస్తుందని కుల్సుమ్ రెండు పూటలా అన్నం పెట్టేది. "మా కుక్క కాదండీ, మా గుమ్మం కుక్క" అనేది అడిగినవాళ్లతో. ఇంట్లో నమాజు చేసుకుంటారు, పాకలో నేసే తివాచీలు కొన్ని మసీదులకు పోతాయి; కుక్క నోటి తడి తగిలితే నమాజుకు శుద్ధి చెడుతుంది. అందుకని ఇంటి గడపా, పాక గడపా రెండూ దాటకూడదని బెల్లానికి నేర్పారు. అదీ దాటలేదు.

ఆ ఏడు చలి ముదిరేసరికి బెల్లం బాగా ముసలిదైపోయింది. పొద్దున్నే లేచేటప్పుడు వెనక కాళ్లు వణికేవి. పొడి దగ్గు పట్టుకుంది. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచిన కుల్సుమ్‌కి కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుంటున్నంతసేపూ ఆ దగ్గే వినిపించేది. దువాలో ఇంటిల్లిపాదికీ అడగవలసినవన్నీ అడిగాక, "యా అల్లా, ఈ మూగజీవాన్ని ఈ చలి గట్టెక్కించు" అని ఒక మాట కలపడం మొదలుపెట్టింది.

అడిగి ఊరుకోలేదు. ముడుల కొసలు కత్తిరించగా మిగిలిన ఉన్ని ముక్కలన్నీ పోగేసి, గోనెసంచిలో కుక్కి, పరుపులా కుట్టి గుమ్మం పక్కన వేసింది.

కనకమ్మ గోడ మీంచి చూసింది. "ఏవమ్మా కుల్సుమూ, దానికి ఉన్ని పరుపా! మా ఇంట్లో ఆయనకే దూది పరుపు లేదు."

"ముసల్ది కదా వదినా. ఉన్ని కంటే వెచ్చన ఏముంటుంది?"

బెల్లం ఆ పరుపు మీద ఒక్క రాత్రి పడుకుంది. మర్నాడు దగ్గు ఎక్కువైంది. ఆ తర్వాత దాని వైపు చూడనైనా లేదు.

కుల్సుమ్ ఆలోచనలో పడింది. రంగు వాసన పడలేదేమో అనుకుని, రంగు వేయని తెల్ల ఉన్ని కుక్కి మళ్లీ కుట్టింది. పడుకోలేదు. సంచిని వేపచెట్టు కిందికి జరిపింది. పడుకోలేదు. రొట్టెముక్క పెట్టి పిలిస్తే బెల్లం మెడ చాచి రొట్టె అందుకుంది గానీ కాలు మాత్రం పెట్టలేదు.

"నీ పరుపు దానికి నచ్చలేదమ్మా, సోఫా కావాలేమో కనుక్కో" అంది కనకమ్మ.

వారం గడిచేసరికి ఇంకో వింత. బెల్లం దగ్గు తగ్గింది. వణుకూ తగ్గింది. పొద్దున్నే గుమ్మం ముందు ఒళ్లు విరుచుకుని తోక ఊపుతోంది. పరుపు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. మరి రాత్రంతా ఎక్కడ పడుకుంటోంది? కుల్సుమ్ వెళ్లి కనకమ్మ ఇంటి అరుగు కింద చూసింది, లేదు. నీ ఆటో సీటు మీద బొచ్చేమైనా ఉందేమో చూడరా అని ఆటో నడిపే కొడుకు సల్మాన్‌ని అడిగింది. అతను నవ్వి వెళ్లిపోయాడు.

ఒకరోజు అన్నం పెడుతూ వంగినప్పుడు బెల్లం వీపు మీద ఏదో కనిపించింది. తీసి వేళ్ల మధ్య నలిపింది. ఉన్ని నూగు. ఆకుపచ్చది.

దాన్ని వెలుగులోకి పట్టి చూసింది. ఆ ఆకుపచ్చ ఈ ఏడాది ఒకే ఒక్క తివాచీలో వాడారు. ఇప్పుడు మగ్గం మీద ఉన్న నమాజు తివాచీ, జానమాజ్‌లో. ఇద్దరు పక్కపక్కన నిలబడి నమాజు చేసుకునేంత వెడల్పుది, ఒక్కొక్కరికీ ఒకటి చొప్పున నేసిన రెండు కమానులూ ఆకుపచ్చవే.

పాకలోకి వెళ్లి మగ్గం వెనక్కి తొంగిచూసింది. మగ్గానికీ గోడకీ మధ్య రెండడుగుల సందు. అక్కడికి ఎవరూ వెళ్లరు. ఫిజా ఊడ్చేటప్పుడు కత్తిరించిన నూగునంతా ఎత్తిపోయకుండా ఆ సందులోకే తోసేస్తుంది. ఆ నూగు కుప్ప మధ్యలో పళ్లెం ఒత్తినట్టు గుండ్రటి గుంట. తడిక తలుపు కింది మూల విరిగి, కుక్క దూరేంత కంత ఉంది. జానమాజ్ వెనక వైపు బెల్లం రంగు వెంట్రుకలు నాలుగైదు అంటుకుని ఉన్నాయి.

ఫిజా వెనకాలే వచ్చి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "యా అల్లా! అత్తయ్యా, ఇది షాయిస్తా ఆపా నేయించుకుంటున్నది! కంత ఇప్పుడే మూసేద్దాం."

"మూసేస్తే మళ్లీ దగ్గుతుందే."

"దగ్గితే? నమాజు చేసుకునే తివాచీ అత్తయ్యా ఇది!"

ఫిజా చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కుల్సుమ్ ఆ రోజు ఒక్క ముడీ వేయలేదు. సల్మాన్ చేత మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ని అడిగించింది. పొడి వెంట్రుక దులిపేస్తే చాలు, నోటి తడి తగిలితే కడగాలి, ఎలాగూ తివాచీ ఉతికే కదా ఇస్తారు అన్నారాయన. ఆ మాటతో ఫిజా కాస్త కుదుటపడింది. కుల్సుమ్ మనసు మాత్రం ఒప్పుకోలేదు. కొంగు కప్పుకుని పవర్‌పేటలో షాయిస్తా ఇంటికి బయలుదేరింది.

షాయిస్తా ఉర్దూ స్కూల్లో టీచరుగా రిటైరైన పెద్దావిడ. చెల్లెలితో కలిసి ఉంటుంది. సంగతంతా విని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండీ."

"మరెందుకు చెప్పావు?"

"మీరు దాని మీద నుదురు ఆనిస్తారు కదండీ."

షాయిస్తా కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "మూడుసార్లు ఉతుకు. నా తృప్తి కోసం నాలుగోసారి కూడా ఉతుకు. ఆలస్యం మాత్రం చేయకు. ఫజర్‌కి గచ్చు మీద మోకాళ్లు ఆనిస్తే ప్రాణాలు పోతున్నాయి. వచ్చే గురువారానికి కావాలి."

కుల్సుమ్ సరేనని లేచింది. గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలుపు.

"ఇదిగో, కుల్సుమ్! తివాచీ మగ్గం మీంచి కోసేస్తే ఆ కుక్క ఎక్కడ పడుకుంటుంది?"

"అదే తెలియట్లేదండీ."

"తెలుసుకో. తెలుసుకుని నాకూ చెప్పు."

ఇంటికి వస్తూనే కుల్సుమ్ చేసిన పని చూసి ఫిజా నోరు తెరిచింది. అత్తగారు మగ్గం వెనక సందులో దూరి, కుక్క గుంటలో చతికిలబడి కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఇక్కడేముందో చూస్తున్నానే. మాట్లాడకు."

బయట తమ్మిలేరు మీంచి సాయంత్రపు గాలి మొదలైంది. తడిక గలగలమంటోంది. సందులో మాత్రం చెంపకు గాలి తగల్లేదు. తివాచీ గోడలా అడ్డం నిలబడింది. కింద నూగు పొడిగా, గుల్లగా ఉంది. నేల చలి పైకి రావడం లేదు. పైన తాటాకు కప్పు. కాసేపటికి ఆమెకు ఒక అనుమానం వచ్చింది. లేచి వెళ్లి, వేపచెట్టు కింద ఉన్న సంచి పరుపును గట్టిగా పిండింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

పైకి తడిగా కనిపించదు. వారం రోజుల పొగమంచునంతా తాగి లోపల దాచుకుంది ఆ ఉన్ని.

"యాభై ఏళ్లు ఉన్నితో బతికాను వదినా" అంది గోడ అవతలి కనకమ్మతో, సిగ్గుపడుతూ. "ముసల్దాన్ని తీసుకెళ్లి తడిగుడ్డ మీద పడుకోబెట్టాను."

"మా కొల్లేటి లంకల్లో కుక్కలు గడ్డివామిని తొలుచుకుని పడుకుంటాయమ్మా" అంది కనకమ్మ. "మెత్తన సంగతి దానికెందుకు? పొడిగా ఉండాలి, గాలి తగలకూడదు. ఎండుగడ్డి నేనిస్తాలే, పట్టుకెళ్లు."

సోమవారం జానమాజ్‌ని మగ్గం నుంచి కోశారు. నాలుగుసార్లు ఉతికి ఎండలో వేశారు. ఫిజా పాకంతా శుభ్రంగా కడిగింది. నేల ఆరాక కుల్సుమ్ మగ్గం అడుగున, తివాచీకి బదులుగా, బెల్లం ఎత్తుకు గోనెపట్టా బిగించి కట్టింది. వెనక పాత చెక్క పలక వేసి, దాని మీద కనకమ్మ ఇచ్చిన గడ్డి పరిచింది. కంత మూయలేదు. జానమాజ్ లేని పాకలోకి ముసలి కుక్క వస్తే తప్పులేదని ఫిజా కూడా ఒప్పుకుంది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఇద్దరూ వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. బెల్లం కంతలోంచి దూరింది. పట్టా వాసన చూసింది. గడ్డి వాసన చూసింది. వెనక్కి తిరిగి బయటికి వచ్చేసి, చలిగాలిలో గుమ్మం ముందు ముడుచుకుంది. కాసేపటికి ఒక దగ్గు వినిపించింది.

కుల్సుమ్ కోడలి వైపు తిరిగింది. "గాలి లేదు, తడి లేదు. ఇంకేం తక్కువైందంటావే?"

ఫిజా కాసేపు పైట కొస నలుపుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్లి, పొద్దున పాక ఊడ్చి ఎత్తిపోసిన నూగును చేటలోకి తీసుకొచ్చింది. "దాని వాసన మొత్తం నేనే కడిగేశాను కదత్తయ్యా" అంటూ ఆ ఆకుపచ్చ నూగును గడ్డి మీద చల్లింది. చల్లి, ఎవరూ చూడలేదన్నట్టు వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది.

బెల్లం మళ్లీ దూరింది. ఈసారి ముక్కు నూగులో పెట్టి చాలాసేపు ఉంచింది. తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగి, తోకలో ముక్కు దాచుకుని పడుకుంది.

మర్నాడు ఫజర్‌కి కుల్సుమ్ వుజూ చేసుకుంటూ చెవి ఒగ్గి వింది. కొళాయి నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తెల్లవారాక గుమ్మం ముందు ఒళ్లు విరుచుకుంటున్న బెల్లం వీపంతా ఆకుపచ్చ నూగే.

గురువారం జానమాజ్ పట్టుకెళ్లి ఇచ్చి, సంగతంతా చెప్పింది. షాయిస్తా తివాచీ మీద అరచేత్తో రాస్తూ శ్రద్ధగా వింది. చివర్లో కుల్సుమ్ గొంతు తగ్గించి అంది:

"అంతా బాగానే ఉంది గానీ ఆపా, పడుకునే ముందు సరిగ్గా మూడుసార్లే తిరుగుతుందండీ. నాలుగు తిరగదు. ఎందుకంటారు?"