మా గురువారం మనిషి

దొడ్డమ్మ పోయిందన్న కబురు తెచ్చిన మనిషితో నేను పోట్లాడాను. ఆయన బస్టాండు దగ్గర సోడా కొట్టు నడుపుకునే పెద్దమనిషి, అబద్ధాలాడే రకం కాదు. పొద్దున్నే మా గుమ్మం ముందు సైకిలు ఆపి, దిగకుండానే, "బిడ్డా, దొడ్డమ్మ పోయిందట. జీపుల ఖమ్మం దవాఖానాకు తీస్కపోతుంటే వైరా కాడ్నే పాణం పోయిందట" అన్నాడు. "ఏ దొడ్డమ్మ?" అన్నాను, ఏన్కూరు మొత్తానికీ దొడ్డమ్మ ఒక్కతేనని తెలిసి కూడా. "పొద్దుగాల్నే ఏం మాటలవి? మొన్న గురువారం మా ఇంట్లనే ఉండె. నీ నోట్ల మన్నువడ" అని కూడా అన్నాను. ఆయన తలొంచుకుని సైకిలు తొక్కుకుంటూ పోయాడు. అప్పుడు నమ్మాను. అబద్ధమైతే ఊరుకునేవాడా, నన్ను నాలుగు తిట్టేవాడు కదా.

నెల కావస్తోంది. ఇప్పటికీ గురువారం మధ్యాహ్నం వీధిలో చెప్పుల చప్పుడైతే తలుపు తీయడానికి లేస్తున్నాను. లేచాక గుర్తొస్తుంది. ఇంతటి మనిషి ఇంత తేలిగ్గా ఎట్లా పోతుందో నాకు ఇంకా మింగుడుపడడం లేదు. ఆమె నడిపిన వృద్ధుల సంఘం చూసుకునే పెద్దవాళ్ళలో రేపో మాపో అనుకున్నవాళ్ళంతా ఉన్నారు. చెరువు వీధి తాతకు రెండుసార్లు తులసి తీర్థం పోశారు, ఇవాళ పొద్దున కూడా చుట్ట కాల్చాడు. మా మామ ఉన్నాడు. వాళ్ళందరి మంచాల పక్కన కూర్చుని లేచి వెళ్ళిన మనిషి లేదు. ఇది ఏం న్యాయమో ఎవరైనా చెబితే వింటాను.

ఆమెను ఎరగని వాళ్ళ కోసం చెబుతాను. ఆమె పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు కృష్ణా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ భూములు కొని మిరప తోటలు వేసుకున్నవాళ్ళు. మేం పెద్దమ్మ అనేదాన్ని వాళ్ళు దొడ్డమ్మ అంటారు. ఇంటి పిల్లలు పిలిచే ఆ పిలుపు ఊరికి అంటుకుంది. ఆమె బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని, తనలాంటి ఆడవాళ్ళను నలుగురైదుగురిని పోగుచేసి, వృద్ధుల సంఘం అని బోర్డు పెట్టింది. చందాలతో నడిచేది. గదిలో రెండు ఇనుప మంచాలు, చంకకర్రలు, రబ్బరు దుప్పట్లు, లేవలేనివాళ్ళకు మంచంలోనే మలమూత్రాలకు పెట్టే బెడ్‌పాన్లు ఉండేవి. కావలసినవాళ్ళు ఉచితంగా తీసుకుపోయి, పని తీరాక కడిగి తెచ్చివ్వాలి. "కడిగి" అన్న మాట ఆమె కళ్ళు పెద్దవి చేసి చెప్పేది.

అసలు పని అది కాదు. లేవలేని పెద్దవాళ్ళున్న ఇంటికి వారానికొక మధ్యాహ్నం సంఘం మనిషి వచ్చి కూర్చుంటుంది. ఆ పూట వాళ్ళను చూసుకునే మనిషి ఇంట్లో ఉండకూడదు. బయటికి పోవాలి. ఎక్కడికి పోతావో వాళ్ళకక్కరలేదు. "మంచం మీద ఉన్నవాళ్ళను లేపి నడిపించడం నావల్ల కాదు. మంచం పక్కన ఉన్నవాళ్ళను వీధిలోకి నడిపించగలను" అనేది.

మేం దూదేకుల వాళ్ళం. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం మా ఇంటి పని. ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో సగం పరుపులు మా మామ చేతివే. అట్లాంటి మనిషికి ఒకరోజు దుకాణంలోనే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది గానీ తిట్లు మాత్రం చక్కగా వచ్చేవి. మా ఆయన దుకాణంలో ఉంటాడు, లేదా ఊళ్ళమీద తిరుగుతాడు. అత్త అంతకుముందే పోయింది. మామకు తినిపించడం, తుడవడం, అటు తిప్పి ఇటు తిప్పి పడుకోబెట్టడం అంతా నాదే. ఆ రోజుల్లో నాకు ఎవరి మీద పడితే వాళ్ళ మీద కోపం. కోడి కూసినా కోపమే.

దొడ్డమ్మ మొదటిసారి వచ్చిన గురువారం నేను ఎక్కడికీ పోనన్నాను. నాకు పోవడానికి ఎక్కడుంది? ఆమె నన్ను రెక్క పట్టుకుని గుమ్మం దాటించి లోపలి గడియ పెట్టేసింది. కాసేపు నా ఇంటి ముందు నేనే బిచ్చగత్తెలాగ నిలబడ్డాను. తరువాత పక్కింటివాళ్ళ పశువుల కొట్టంలోకి పోయి, ఎండుగడ్డి మీద పడి నిద్రపోయాను. పొద్దు వాలాక తిరిగొస్తే నా జుట్టు చూసి, "గడ్డిలో దొర్లావా పిల్లా?" అంది. అవ్ అన్నాను సిగ్గుపడుతూ. "శుభం. వచ్చే వారం ఇంకొంచెం దూరం పో" అంది. తరువాత పోయాను కూడా. టూరింగు టాకీసుకు పోయాను, అంగట్లో గాజులు చూసొచ్చాను, ఊరికే బస్టాండులో కూర్చుని ఎక్కేవాళ్ళను దిగేవాళ్ళను చూశాను. ఆ గురువారాలు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో నాకు తెలుసు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. పోయిన ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టదు. తన గ్లాసు, తన మరచెంబు, తన అటుకుల డబ్బా సంచిలో తెచ్చుకునేది. దాంతో మా ఇంట్లో పెద్ద రభస అయింది. మూడో వారమో నాలుగో వారమో మామ గోడవైపు తిరిగి పడుకుని, ఆమె అన్నం కలిపి తెస్తే నోరు తెరవలేదు. బయటికి పోబోతున్న నన్ను పిలిచి, ఆమెకు వినబడేట్టే అన్నాడు. "మన ఇంట్ల నీళ్ళు ముట్టుకోదు ఈమె. మనది అంటు. నా మూతి తుడుస్తదంట గానీ నా కుండ ముట్టదంట. గసొంటి సేవ నాకొద్దు బిడ్డా, పొమ్మను."

దొడ్డమ్మ మొహం కందిపోయింది. మంచం పక్కన స్టూలు మీద మామ సగం తాగి వదిలేసిన గ్లాసు ఉంది. అది ఎత్తి, పెదవులు ఆనించి, గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని, "ఇదిగో, మీ ఎంగిలే తాగాను. చాలా? వచ్చే వారం మళ్ళీ ముట్టను. నేనిక్కడ టీ తాగుతానంటే ఈ పిల్ల పొయ్యి ముట్టించాలి. పలహారం చెయ్యాలి. చుట్టం వచ్చిందని చీర మార్చుకోవాలి. ఇంక ఇది బయటికి పోయేదెప్పుడయ్యా?" అంది.

మామ గోడవైపు నుంచి ఆమెవైపు తల తిప్పాడు. తరువాత నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం నేను చూడలేదు, మూతి ఒక పక్కకే పోయింది. ఆనాటి నుంచి ప్రతి గురువారం "టీ తాగుతవా అమ్మా?" అని ఆయన అడగడం, "తాగను" అని ఆమె విసుక్కోవడం వాళ్ళిద్దరికీ వేళాకోళమైంది. పలక మీద సుద్దతో గీసుకుని పులిజూదం ఆడేవాళ్ళు. ఆయన ఎడమ చేత్తో ఆడేవాడు. దొడ్డమ్మ ఆటలో తొండి చేసేది. ఈ మాట రాయొచ్చో లేదో గానీ చేసేది, నేను కిటికీలోంచి చూశాను. మామకూ తెలుసు. తెలిసే ఓడేవాడు.

ఒక గురువారం బయటికి పోకుండా వసారాలో కూలబడి ఆమెతో అన్నాను. "దొడ్డమ్మా, ఒక్కోసారి ఈయన జల్దీ పోతే బాగుండు అనిపిస్తది. నేను పాపిష్టిదాన్నా?" ఆమె నా పక్కనే కూర్చుంది. "అనిపిస్తుందే. నాకూ మా అమ్మ దగ్గర అనిపిస్తుంది. అనిపించడం వేరు, అన్నం పెట్టడం వేరు. నువ్వు అన్నం పెడుతున్నావుగా. ఇక లే, వీధిలోకి పో" అంది. ఆ రోజు నేను పొలాల గట్ల వెంట నడుచుకుంటూ గట్టిగా ఏడ్చాను. హాయిగా ఉండింది.

పోయిన నెలలో ఆమె పర్ణశాల అవతల అడవి పల్లెలకు పోయింది. అక్కడ కూడా ఇట్లాంటి సంఘం పెడదామని ఎవరో పిలిచారు. రెండు రాత్రులుండి వచ్చింది. గురువారం మా ఇంటికి వచ్చినప్పుడు బాగానే ఉంది, పులిజూదం ఆడింది, తొండి చేసింది. తరువాత చలిజ్వరం అన్నారు. జ్వరమే కదా, మా వైపు ఎవరికి రాదు, అనుకున్నాం. అది మెదడుకెక్కిందట. అరవై కూడా నిండని మనిషి. మిరప బస్తా ఒంటిచేత్తో లాగే మనిషి.

కబురు తెలిసిన పొద్దున మా ఆయనా నేనూ ఒక మాట అనుకున్నాం, మామకు చెప్పొద్దని. తట్టుకోలేడని భయం. ఆయన కూడా పోతే? నేను మొహం కడుక్కుని, ఎప్పటిలాగే జావ తీసుకుపోయాను. దూరంగా డప్పులు మొదలయ్యాయి. "ఎవరు పోయిన్రు?" అన్నాడు మామ. "ఎవరో ముసలామె, మనకు తెల్వదు" అన్నాను. రెండు చెంచాలు తాగి, మూడోదానికి మూతి మూసుకున్నాడు. "తెల్వనోళ్ళకు నీ చెయ్యి గట్ల వణుకుతదా? గురువారం ఆమెకేమన్న అయిందా?"

నేను గిన్నె కింద పెట్టేసి ఆయన మంచం పట్టె మీద తలపెట్టి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. తిట్టాడు. "నన్ను పసిపోరన్ని చేసిన్రా? కాళ్ళు పోయినయ్, అకల్ పోలేదు నాకు. నా మనిషి పోతే నాకు చెప్పరా? థూ!" అన్నాడు. దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చిన కొడుకునూ తిట్టాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, "నన్ను తీస్కపో" అన్నాడు. "ఎట్ల తీస్కపోను నాయినా?" "మంచం తోటి లేపు. నలుగురు దొరకరా ఊళ్ళె?"

దొరికారు. మా ఆయన, దుకాణంలో పనివాళ్ళిద్దరు, సోడా కొట్టు ఆయన కలిసి నులక మంచంతో సహా ఎత్తారు. ఏళ్ళుగా ఇల్లు దాటని మనిషి ఎండలో కళ్ళు చికిలించుకుంటూ ఆకాశం చూస్తూ పోతున్నాడు. వెనక నేను. మంచం చూసి హోటలు ముందున్నవాళ్ళు లేచి నిలబడ్డారు, ఒకాయన తలపాగా తీశాడు. మామకు ఒళ్ళు మండింది. "నేను సావలే! జరుగుండ్రి, దారియ్యిండ్రి!" అని అరిచాడు. ఆ స్థితిలో నాకు నవ్వొచ్చింది. నవ్వి, వెంటనే భోరుమన్నాను.

వాళ్ళ వాకిట్లో దొడ్డమ్మను చాప మీద పడుకోబెట్టారు. మామ మంచాన్ని పక్కనే దించారు. ఆయన తల తిప్పి చూస్తూ ఉండిపోయాడు. ఆమె చెంప మీద ఈగ వాలింది. మామ ఎడమ చెయ్యి చాపి తోలబోయాడు, అందలేదు. మళ్ళీ చాపాడు. నేను పోయి నా కొంగుతో తోలాను.

ఆమె తల్లిని నేను మొదటిసారి చూసింది అప్పుడే. అరుగు మీద కూర్చోబెట్టారు. చూపు లేదు, బుద్ధి నిలకడ లేదు. కూతురు పోయిందని పొద్దుటి నుంచి ఎవరో ఒకరు ఆమె చెవిలో చెబుతూనే ఉన్నారు. చెప్పినప్పుడల్లా కొత్తగా విన్నట్టు గుండెలు బాదుకుని ఏడుస్తోంది. కాసేపటికి మరిచిపోయి, "అమ్మాయి ఏదే?" అని అడుగుతోంది. మళ్ళీ చెబుతున్నారు. మళ్ళీ బాదుకుంటోంది. మామ అదంతా మంచం మీదినుంచి చూస్తూనే ఉన్నాడు.

పాడె లేచింది. మగవాళ్ళంతా దాని వెంట పోయారు. మా మంచం మోసిన నలుగురూ పోయారు. పోయేముందు మా ఆయన మంచాన్ని అరుగు పక్కకు, నీడలోకి జరిపాడు. ఆడవాళ్ళు వాకిలి కడిగి, స్నానాలకని పెరట్లో బోరింగు దగ్గరికి పోయారు. నేనూ పోయాను.

తడి చీరతో తిరిగి వస్తూ గోడ మలుపు దగ్గర ఆగిపోయాను. వాకిట్లో ఇంకెవ్వరూ లేరు. పెద్దావిడ గాలిలో చేతులాడిస్తోంది.

"ఎవరూ లేరా ఇక్కడ?"

"నేనున్న" అన్నాడు మామ.

"నువ్వెవరివి నాయనా?"

"పరుపులు కుట్టేటోణ్ణి."

"మా అమ్మాయి ఏది? పొద్దుటి నుంచీ అలికిడి లేదు."

పొద్దున ఆయన మమ్మల్ని తిట్టిన తిట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. పెద్దావిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి మంచం కోడు పట్టుకుంది. మామ తన ఎడమ చేతిని దాని మీద వేశాడు.

"బయటికి పోయింది. దినాం నీ కాడ్నే ఉంటే ఎట్ల? పోనియ్యి జర. ఈ పూట నేను కూసుంట."

ఆవిడ సరేనన్నట్టు తల ఊపి గోడకు ఆనుకుంది. కాసేపటికి గురక వినబడింది. పొద్దువాలాక మగవాళ్ళు తిరిగొచ్చి మంచం ఎత్తబోతే, మామ పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆగమన్నాడు.