తెల్లచీరల వరుసలో మా అమ్మాయి

మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. బరువు కిలోకి కాస్త పైన. గుంటూరు ఆసుపత్రిలో నెలన్నర గాజుపెట్టెలో ఉంచారు. కంటి లోపలి తెర మీద రక్తనాళాలు సరిగ్గా ఎదగలేదని అక్కడే లేజరు చేశారు. చూపు నిలిచింది. అయితే ఇలా పుట్టిన పిల్లలకి సైటు రావడం ఎక్కువని కంటి డాక్టరమ్మ ముందే చెప్పింది. అన్నట్టే ఏడాదిన్నరకి అద్దాలు రాసింది. మైనస్ ఏడు. చెవులకి నిలవవని తల చుట్టూ ఎలాస్టిక్ పట్టీ కట్టించాం.

"మెలకువగా ఉన్నంతసేపూ అద్దాలు ఉండాల్సిందేనమ్మా. ఈ వయసులో బొమ్మ స్పష్టంగా అందకపోతే మెదడు చూడటం నేర్చుకోదు. పెద్దయ్యాక ఎంత మంచి అద్దాలు పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు" అంది డాక్టరమ్మ.

నేను టీచర్ని. బడిలో ఏ పిల్లవాడైనా బోర్డు దగ్గరికొచ్చి చూస్తుంటే వాళ్ల అమ్మానాన్నల్ని పిలిపించి, కళ్లు చూపించమని గట్టిగా చెప్పేదాన్ని. నా బిడ్డ మొహం మీద ఆ మందపాటి అద్దాలు చూస్తే మాత్రం నాకే నామోషీగా ఉండేది. బస్సులో పక్కసీటు వాళ్లు అదేపనిగా చూస్తుంటే, పిల్లని నా గుండెకేసి తిప్పుకునేదాన్ని.

మా అత్తగారి ఊరు పర్చూరు దగ్గర. ఆదివారం ఆరాధనకి అక్కడికే వెళ్లేవాళ్లం. భోజనాలయ్యాక మా ఆయన తరఫువాళ్లు ఒక ఆట కనిపెట్టారు. పిల్ల అద్దాలు ఊడదీసి, దూరంగా నిలబడి, వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనేవాళ్లు. తప్పు చెప్పినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వేది. డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుండేది. అయినా పెద్దవాళ్ల మధ్య నోరెత్తడం ఎందుకని గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయేదాన్ని.

దానికి నాలుగేళ్లప్పుడు చర్చి వార్షికోత్సవం వచ్చింది. మిరపకాయలు కోసి ఆరబోసే రోజులు. చర్చి పక్క స్థలమంతా ఎర్రగా కాయలే. మా వదిన, అంటే మా ఆయన అక్క, స్త్రీల సమాజానికి పెద్ద. ఆ రోజు సమాజం ఆడవాళ్లందరం ఒకే రకం చీరలు కట్టుకున్నాం, తెల్లచీరకి నీలం అంచు. ముప్పైమంది దాకా ఉంటాం. ఫొటో తీసేటప్పుడు ఆవిడ మా అమ్మాయిని ముందుకు లాగి, ఫొటోలో ఈ సోడాబుడ్డి ఎందుకని అద్దాలు తీసి నా చేతికిచ్చింది. నేను సంచిలో వేసుకున్నాను. ఫొటో అయిపోయింది. తిరిగి పెట్టలేదు. ఫొటోగ్రాఫరు ఇంకో రెండు తీస్తాడేమో అనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అద్దాలు లేకుండా దాని మొహం ముద్దుగా ఉంది. కాసేపు అలా ఉండనిద్దామనిపించింది.

పిల్లల వెంట అటూ ఇటూ పరిగెత్తి, కాసేపటికి నా కోసం వచ్చింది. భోజనాల పిలుపు కోసం మేమంతా చర్చి లోపల గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నాం. మామూలుగా అద్దాలు లేనప్పుడు నన్ను చీర రంగుని బట్టి గుర్తుపట్టేది. ఆ రోజు ఎటు చూసినా తెల్లచీరే. మొదట నిలబడ్డావిడ కొంగు పట్టుకుని, "అమ్మా, నువ్వేనా?" అంది. ఆవిడ నవ్వి కొంగు విడిపించుకుంది. రెండో ఆవిడ దగ్గరికి వెళ్లింది. అప్పుడు మా వదిన నోటి మీద వేలు పెట్టుకుని గొంతు తగ్గించి అంది.

"ఎవరూ మాట్లాడమాకండి. వాళ్లమ్మని ఎంతసేపటికి కనిపెట్టుద్దో చూద్దాం."

అందరూ నవ్వాపుకున్నారు. నేనూ ఆపుకున్నాను.

ఒక్కొక్కరి ముందూ ఆగి, తల పైకెత్తి, కళ్లు చికిలించి అదే మాట అడుగుతూ వచ్చింది. నా ముందుకొచ్చింది. నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నువ్వేనా?" అంది. వదిన నావైపే చూస్తోంది. నేను మాట్లాడలేదు. నా మొహంలోకి చూసి, కొంగు వదిలేసి, పక్కావిడ దగ్గరికి వెళ్లింది.

అప్పుడు ఎవరో పగలబడి నవ్వారు. వరసంతా నవ్వింది. పిల్ల బెదిరిపోయి, వెలుతురు కనిపించిన తలుపు వైపు పరిగెత్తింది. మెట్టు కనపడక మిరపకాయల్లో బోర్లా పడింది. చేతులతో కళ్లు నులుముకుంది. దాని అరుపు విని నేను వెళ్లేసరికి వంటవాళ్లలో ఒకావిడ దాన్ని ఎత్తుకుని కుళాయి కింద పెట్టి కడుగుతోంది. నా గొంతు వినగానే నా మెడకి కరుచుకుపోయింది.

"ఎక్కడికి పోయావు?" అంది ఏడుస్తూ.

"వంట దగ్గర ఉన్నానమ్మా" అన్నాను.

మర్నాడు డాక్టరమ్మకి చూపించాం. మిరపకారం వల్ల కళ్లకి పెద్ద దెబ్బ తగల్లేదంది. అద్దాలు ఎందుకు తీశారని మాత్రం మా ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది. పిల్లే తీసేసుకుందని చెప్పాను. మా ఆయన నావైపు చూశాడు. ఎడమ కన్ను కాస్త వెనకబడుతోందని, అద్దాల మీదే కుడి కన్ను మూసేలా రోజూ కొన్ని గంటలు అతుకు వెయ్యమని, అప్పుడే ఎడమ కన్ను పనిచేస్తుందని చెప్పింది. రెండేళ్లు వేశాం. ఆ కన్ను కొంత తేరుకుంది గానీ పూర్తిగా రాలేదు. వాళ్లు ఆడించిన ఆటల వల్లనో, పుట్టుకతో వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

అప్పట్నించీ మా అమ్మాయి అద్దాలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నిద్రపోయేటప్పుడు కూడా పిడికిట్లో పట్టుకుని పడుకునేది.

పోయినేడు, దానికి పదకొండు నిండాక, బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర మా వదిన పాతముచ్చట్లు ఎత్తుకుని, ఈ సంగతి కూడా నవ్వుతూ చెప్పింది. "వాళ్లమ్మ కొంగే పట్టుకుని వదిలేసిందే" అంది. మా అమ్మాయి అన్నం కలుపుతూ వింది. ఇంటికొచ్చాక వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"వంట దగ్గర ఉన్నానని చెప్పావు."

"ఎప్పటి మాటో అది" అన్నాను.

"నీ దగ్గరికి కూడా వచ్చానా?"

"వచ్చావు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు" అన్నాను.

"ఒక్క మాట మాట్లాడితే తెలిసేది కదమ్మా" అంది. గొంతు పెంచలేదు. మంచినీళ్లు ముంచుకుని వెళ్లిపోయింది.

దాని తర్వాత మా మధ్య గొడవేం జరగలేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది. జడ వేస్తానంటే కూర్చుంటుంది. ఆరునెలలకోసారి కళ్లు చూపించడానికి మాత్రం లోపలికి నాన్నని రమ్మంటుంది. మొన్న వెళ్లినప్పుడూ అంతే, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నంబరు పెరగలేదట. డాక్టరమ్మే బయటికొచ్చి నాతో చెప్పింది. మా అమ్మాయి నన్ను దాటుకుని, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.