గంగరత్నం కట్టిన ఆశీలు

రేపల్లె అవతల సముద్రపొడ్డు పల్లెలో పుట్టిన గంగరత్నం ఇరవయ్యో ఏట నెత్తిన చేపల గంప పెట్టుకుంది, మళ్ళీ దించలేదు. మొగుడు నాంచారయ్య పడవ మీద తెచ్చిన చేపలు పొద్దున్నే రైల్లో వేసుకుపోయి బస్తీలో అమ్మేది. ఆ బస్తీ పేరు చెప్పడం దేనికి? తెనాలి వాళ్ళు బాపట్ల అనుకుంటారు, బాపట్ల వాళ్ళు తెనాలి అనుకుంటారు. అనుకోనివ్వండి.

బజారు మొగలో మునిసిపాలిటీ గోడ పక్కన నాలుగడుగుల నేల ఆమెది. ఆమెదంటే, రోజూ అయిదు పైసలు ఆశీలు కట్టి, చీటీ తీసుకుని కూర్చునే నేల. వానొచ్చినా ఆశీలే, బేరం లేకపోయినా ఆశీలే. ఏళ్ళ తరబడి ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. ప్లీడరుగారింటి వంటమనిషి మొదలు రిక్షావాళ్ళ దాకా చేపలు కావాలంటే నేరుగా అక్కడికే వచ్చేవారు. ఆ చోటు పోతే ఆమె బతుకే పోయినట్టు.

డెబ్బై ఒకటిలో అమృతలూరు నుంచి వీరరాఘవయ్యగారు దిగారు. ఎనభై ఎకరాల మాగాణి, రెండు రైసుమిల్లులు. పాపం, లేనివాడు! గోడ వెనక స్థలం కొని ముప్పై కొట్ల మేడ కడతానన్నారు. కడితే ఊరు బాగుపడుతుందట, కనక పదేళ్ళు పన్ను మాఫీ చెయ్యాలట. లేకపోతే ఇంకో ఊళ్ళో కట్టుకుంటారట. కౌన్సిలర్లు గడగడలాడిపోయారు, సరేనన్నారు. అంతటితో ఆగారా? మేడ ముందు కంపు ఉండకూడదని, గంపలవాళ్ళని మురుక్కాలవ గట్టుకి పొమ్మన్నారు. రోజూ ఆ చేపలే తెప్పించుకు తినే పెద్దమనుషులకి అప్పుడే ముక్కులు మొలిచాయి.

అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని దండోరా మాత్రం వేయించారు. గంగరత్నం గంప తోడికోడలు పేరమ్మకి అప్పగించి, ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. తన చోటు తనకుంచమని అడిగింది. పన్ను కట్టేవాళ్ళే అభ్యంతరం చెప్పాలన్నారు. తను రోజూ కడుతున్నానంటే, ఆశీలు పన్ను కాదు పొమ్మన్నారు. కొంగుముడిలోంచి తీసుకునేటప్పుడు మాత్రం అది డబ్బే! అదే గదిలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్న వీరరాఘవయ్యగారు పదేళ్ళదాకా దమ్మిడీ కట్టనక్కర్లేదు. ఆయన మాట చెల్లింది. సిగ్గన్నది ఉంటే కదా.

మేడ లేచింది. రిబ్బను కత్తిరించి సోడాలు పంచారు. గంగరత్నం కాలవ గట్టున దోమల్లో కూర్చుంది. పాతబేరాల్లో సగం రావడం మానేశాయి. ఎండెక్కి చందువా చేపలు మెత్తబడితే అయినకాడికి తెగనమ్మి రైలెక్కేది. దారంతా ఏడ్చేది.

ఏడాది తిరిగేసరికి మునిసిపాలిటీకి రాబడి తగ్గిందట. తగ్గదూ మరి! పన్ను వదిలేసిందీ వాళ్ళే, ఖజానా ఖాళీ అని గుండెలు బాదుకున్నదీ వాళ్ళే. ఆలోచించి ఆలోచించి గంప ఆశీలు పది పైసలు చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మర్నాడు ఆశీలు గుమస్తా సీతారామాంజనేయులు గట్టుకి వచ్చి కొత్త రేటు చెప్పాడు. తిట్లకి సిద్ధపడే వచ్చాడు. గంగరత్నం తిట్టలేదు. కొంగుముడి విప్పి ఒక అయిదు పైసల బిళ్ళ అతని చేతిలో పెట్టింది.

"ఇది నాది బాబూ. చీటీ రాయి."

రాసిచ్చాడు. ఆమె ఇంకో బిళ్ళ పెట్టింది.

"ఇది వీరరాఘవయ్యగారిది. కట్టుకోలేకపోతన్నాడంట గదా పాపం, ఆయన బదులు నేను కడతన్నా. ఈ చీటీ ఆయన పేరున రాయి."

గుమస్తా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. పక్కన పేరమ్మ కూడా రెండు బిళ్ళలు విడివిడిగా పట్టుకుని చెయ్యి చాపింది. గట్టు పొడుగునా ఇరవైమంది గంపలవాళ్ళూ అలాగే పట్టుకు కూర్చున్నారు. అతను పెన్సిలు నాలిక మీద తడిపి, వీరరాఘవయ్య అని రాయడం మొదలుపెట్టాడు.