వెనక సీటు మీద నీళ్ళ చెంబు

పోయిన నెలలో మా పెద్దనాయన పోయారు. పొద్దున కాఫీ వేళకు ఫోన్ మోగింది. అవతల పెద్దమ్మ. "అప్పా, మీ పెద్దనాయన లేస్తా లేడు. పిలిస్తే పలకతా లేడు. నువ్వు రా," అంది. గొంతులో ఏడుపు లేదు. బెంగళూరు సర్జాపుర రోడ్డులోని మా ఇంటి నుంచి నేను బొమ్మనహళ్ళి చేరేసరికి ఇరుగుపొరుగు వాకిట్లో గుమిగూడి ఉన్నారు. పెద్దనాయన మంచం మీద నిద్రపోయినట్టే ఉన్నారు. షెడ్డులో ఆయన కారు గుడ్డ కప్పుకుని ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మా పెద్దనాయన గురించి చెడ్డ రాద్దామన్నా నాకు దొరకదు. అయినా ఆయన మీద నాకు కోపం ఉంది. అది ఆ కారు సంగతి. చదివాక మీకూ కాస్త రావచ్చు.

బొమ్మనహళ్ళిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకు ఆయన గుండీలు, జిప్పులు, దారం కండెలు సరఫరా చేసేవారు. ఇల్లంతా గుండీలే. చొక్కా జేబులో, దిండు కింద, ఒక్కోసారి పప్పు డబ్బాలో కూడా దొరికేవి. పిల్లలు లేరు. తమ్ముడి కొడుకునైన నన్ను సెలవులన్నిటికీ వాళ్ళింట్లోనే ఉంచుకునేవారు. అప్పట్లో ఆయనకొక స్కూటర్ ఉండేది. వెనక పెద్దమ్మ కూర్చునేది, ఒక చేత్తో ఆయన భుజం, ఇంకో చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం, హోసూరు రోడ్డు మీద నీళ్ళు నిండిన గుంతలో ఆ స్కూటర్ పడింది. ఆయనకు మోచెయ్యి గీసుకుపోయింది. పెద్దమ్మకు వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషను, ఆ తర్వాత నెలల తరబడి మంచం. లేచి నడిచిన రోజు డాక్టరు, "కుదుపులు తగలకుండా చూసుకోండి," అన్నాడు. డాక్టర్లు ఇలాంటివి అందరికీ చెబుతారు. పెద్దనాయన మాత్రం దాన్ని శాసనం చేసుకున్నారు. స్కూటర్ అమ్మేశారు. పెద్దమ్మకు బస్సు లేదు, ఆటో లేదు. గుడికి పోవాలన్నా నడిచిపోయే గుడే.

పెద్దమ్మ పుట్టింది హోసూరు దాటాక, డెంకణికోట దగ్గర పల్లెలో. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరం. అక్కడ వాళ్ళక్క ఉంది. అనపకాయల కాలంలో ఆ అక్కే మూట కట్టుకుని బస్సులో వచ్చేది. నాలుగు రోజులుండి, పోయేటప్పుడు గడప దగ్గర నిలబడి, "నువ్వెప్పుడు వస్తావే?" అనేది. పెద్దమ్మ పెద్దనాయన వైపు చూసేది. "నేను పిల్చకొస్తా కదా వదినా, కుదుపు తెలీకుండా పిల్చకొస్తా," అనేవారాయన. ఆ మాట నిలబెట్టుకోడానికే కారు కొన్నారు.

తొంభైల చివర విదేశీ కంపెనీల పెద్ద కార్లు బెంగళూరు షోరూముల్లోకి వచ్చాయి. గుండీల వ్యాపారం ఊపు మీద ఉన్న రోజులు. పెద్దనాయన నన్ను వెంటబెట్టుకుని ఒక షోరూముకు వెళ్ళారు. టై కట్టుకున్న సేల్స్ ఆయన వెనక తలుపు తెరిచి, "సార్, ఈ సీటు మీద నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టుకోండి, చుక్క ఒలకదు," అన్నాడు. అమ్మేవాడు అనే మాట, కొనేవాడు నవ్వి ఊరుకునే మాట. పెద్దనాయన నవ్వలేదు. "ఇదే కావాల," అన్నారు.

కారు నిజంగానే గొప్పది. వెన్నరంగు తోలు సీట్లు. కూర్చుంటే మనిషి మెల్లగా లోపలికి దిగేవాడు. తలుపు వేస్తే చాలు, హోసూరు రోడ్డు లారీల మోత అంతా బయటే ఉండిపోయేది. ఇంజను నడుస్తోందో లేదో చెవికి తెలిసేది కాదు. కొత్తలో పెద్దనాయన నడుస్తున్న ఇంజనుకే మళ్ళీ తాళం తిప్పేవారు, అది కర్రుమని అరిచేది. "చూడప్పా, ఉండానని చెప్తా ఉండాది," అని మురిసిపోయేవారు. ఒకసారి సర్జాపుర రోడ్డు మీద, అప్పటికింకా నీలగిరి తోపుల మధ్య ఖాళీగా ఉండేది, కాలు కాస్త గట్టిగా నొక్కారు. సీటు మమ్మల్ని వెనక నుంచి నెట్టింది. ముల్లు వంద దాటిందని గమనించి ఆయన కారు పక్కకు ఆపి, స్టీరింగుకు దండం పెట్టుకున్నారు. "నాకు చెప్పకుండానే పోతా ఉండాదప్పా ఇది," అన్నారు.

దానికి ఒకటే లోపం. పొట్ట నేలకు మరీ దగ్గర. మన వీధుల్లో ఎవరింటి ముందు వాళ్ళు రోడ్డుకు అడ్డంగా ఒక హంపు, అదే స్పీడ్ బ్రేకర్, వేసుకుంటారు కదా, ప్రతి హంపు దగ్గరా కారు ఆగేది. "దిగండప్పా, దిగండి," అనేవారు. బరువు తగ్గితే పొట్ట రాసుకోదని. అందరం దిగి, హంపు దాటి నాలుగడుగులు నడిచి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. పట్టుచీరల్లో ఉన్నవాళ్ళు కూడా చెప్పులు వెతుక్కుంటూ దిగేవారు. వర్తూరులో ఒక పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగి నడిచాడు. వీధిలో పెళ్ళిళ్ళన్నిటికీ ఆ కారే. బంధువులు ఎక్కారు, పొరుగువాళ్ళు ఎక్కారు, గుండీల పెట్టెలు కూడా ఎక్కాయి.

ఎక్కనిది పెద్దమ్మ ఒక్కతే.

ఆమెను ఎక్కించేముందు ఆయనకు ఒక పరీక్ష ఉండేది. ఆదివారం టిఫిను అయ్యాక ఇత్తడి చెంబు అంచుదాకా నీళ్ళు నింపి, వెనక సీటు మీద, సరిగ్గా పెద్దమ్మ కూర్చోవలసిన చోట పెట్టేవారు. పడిపోకుండా చుట్టూ తువ్వాలు చుట్టేవారు. ఒక్కరే హోసూరు వైపు పోయి వచ్చేవారు. పెద్దమ్మ గేటు దగ్గర కాచుకుని ఉండేది. రాగానే వెనక తలుపు తెరిచి చూసేవారు. సీటు తడి. "ఇంకా కాలేదే," అనేవారు. ఆమె పాతగుడ్డ తెచ్చి సీటు తుడిచేది. తోలు మీద గుండ్రంగా మరక పడింది. అది మాత్రం ఎంత తుడిచినా పోలేదు.

చక్రాల్లో గాలి తగ్గించి చూశారు, పెంచి చూశారు. సర్వీసు సెంటరుకు పోయి, "మీరు చెప్పిన మాటేంది, ఇది చేస్తా ఉండేదేంది," అని అడిగారు. అక్కడి మెకానిక్, "సార్, నిండు చెంబు చేత్తో పట్టుకుని నడిచినా ఒలుకుతుంది," అన్నాడట. ఆయనకు కోపం వచ్చి సెంటరే మార్చేశారు. ఇక మిగిలింది రోడ్డు. కేబుళ్ళ కోసం తవ్వారు, పైపుల కోసం తవ్వారు, ఆ తర్వాత పైవంతెన స్తంభాల కోసం తవ్వారు. వానలు పోనీ, తారు వేయనీ, స్తంభాలు లేవనీ. "మంచి రోడ్డు వస్తాది, రానీ," అన్నది ఆయన పల్లవి. ఏళ్ళ తరబడి అదే విన్నాం.

ఒక ఆయుధపూజ రోజు కారుకు పూలదండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్దమ్మ స్టీరింగుకు కుంకుమ పెట్టి, వెనక తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "నీళ్ళు ఒలికితే తుడస్తానే ఉండా. నేనేమన్నా నీళ్ళా, ఒలికిపోయేదానికి? నొప్పి నాది కదా. ఎక్కించుకోని పోండి," అంది. అంతవరకూ ఆమె ఆయనతో అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆయన వంగి చక్రం కింది నిమ్మకాయను సరిగ్గా జరిపారు. "ఆ పొద్దు గుంతలో పడినప్పుడు నువ్వు అరిచింది నాకింకా వినిపిస్తా ఉండాది," అన్నారు. ఆమె తలుపు మెల్లగా వేసేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నాకు కోపం అన్నాను కదా, అది పూర్తిగా రాదు కూడా. రోజూ పొద్దున ఆమె నడుముకు వేన్నీళ్ళ కాపడం ఆయనే పెట్టేవారు. బెల్టు ఆయనే బిగించేవారు. ఆమె బిందె ఎత్తుతుందేమోనని ఫ్యాక్టరీల పని మధ్యలో ఇంటికి వచ్చి నీళ్ళు పట్టి పోయేవారు. నాకు కారు నేర్పింది ఆయనే. "బ్రేకు కాలితో కాదప్పా, కంటితో వేయాల. వెనక కూర్చున్నోళ్ళు నిద్రపోతేనే నువ్వు బాగా తోలినట్టు," అనేవారు. నేను ఆఫీసు కారు తోలినా, అద్దె కారు తోలినా, ఇప్పటికీ అద్దంలో వెనక సీటు వైపు చూస్తాను, ఎవరైనా నిద్రపోయారా అని. ఇంత ప్రేమ ఉన్న మనిషి, ఆ ప్రేమతోనే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టేశారు. అదీ నా బాధ.

హోసూరు రోడ్డు మీద పైవంతెన తెరిచేనాటికి ఆయన కళ్ళు మందగించాయి. నన్ను తోలమన్నారు. ఆయన ముందు సీట్లో కూర్చుని, దారంతా వెనక్కి తిరిగి చెంబునే చూస్తున్నారు. వంతెన మీద ఒక్క చుక్క ఒలకలేదు. "చూడప్పా, చూడు!" అని చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక అత్తిబెలె దగ్గర రోడ్డు పని నడుస్తోంది. నీళ్ళు సీటు మీద చిందాయి. "పోనీలే, సగం రోడ్డు వచ్చింది కదా. ఇంక సగమే," అన్నారు. ఆ సగం రాకముందే ఆయన పోయారు.

అస్థికలు శ్రీరంగపట్టణంలో కలపమన్నారు పెద్దలు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "హొగేనకల్‌కు పోదాం. అదీ కావేరే కదా. నేనూ వస్తా. ఆ కార్లోనే వస్తా," అంది. హొగేనకల్‌కు దారి డెంకణికోట మీదుగా పోతుందని అందరికీ తెలుసు, ఎవరూ ఎదురు చెప్పలేదు. మూతికి గుడ్డ కట్టిన చిన్న మట్టికుండను ఒళ్ళో పెట్టుకుని ఆమె మొదటిసారి ఆ కారెక్కింది. కూర్చోబోయే ముందు గుండ్రటి మరకను అరచేత్తో ఒకసారి రాసింది. తర్వాత దాని మీదే కూర్చుంది.

నేను ఎంత జాగ్రత్తగా తోలినా కుదుపులు తప్పలేదు. అద్దంలో ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను. ఒక్కసారీ ముడుచుకోలేదు. పల్లె దగ్గర రోడ్డు పక్కన వాళ్ళక్క నిలబడి ఉంది. కారు ఆపాను. అస్థికలతో ఎవరింటి గడపా తొక్కకూడదు. అక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి చెల్లెలి చెంప నిమిరింది. ఆ చెయ్యి జారి సీటు మీద పడింది.

"ఎంత మెత్తగా ఉండాదే!" అంది.

"అవునక్కా. ఏమీ తెలీలేదు. ఊరికే వచ్చేసినా." పెద్దమ్మకు అప్పుడు ఏడుపు వచ్చింది. "ఇంత దగ్గరా అక్కా మన ఊరు?"

"ఒక్క నిమిషం దిగవే. గడప బయటే కూర్చుందువు."

"ఎట్ల దిగేది? ఈయన ఉండాడు కదా," అని కుండ మీద చెయ్యి వేసింది.

ఊరి చివర పెద్ద హంపు వచ్చింది. అలవాటుకొద్దీ ఆపి, దిగమని చెప్పడానికి వెనక్కి తిరిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను కారును మెల్లగా హంపు ఎక్కించాను. కారు పొట్ట గీరుకుంటూ పోయింది. అద్దంలో చూస్తే ఆమె ఆ కుండను ఒళ్ళోంచి రెండు చేతులా పైకెత్తి, ఎక్కడా తగలకుండా గాల్లో పట్టుకుని ఉంది.

"నిదానంగా పోప్పా," అంది. "ఆయనకు కుదుపు పడదు."

హంపు దాటి అడవి దారిలో పడ్డాం. చాలా దూరం ఆమె చేతులు దించలేదు.