గాజులా వంగిన మట్టి

అది 2019 ఆగస్టు. మందమర్రిలో నాకు చిన్న నర్సరీ ఉంది. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల క్వార్టర్లు దగ్గరలోనే ఉన్నాయి కాబట్టి, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ ఇళ్ల ఆడవాళ్లే. ఇంటి ముందు నాలుగడుగుల జాగా, వెనక రేకుల పక్కన రెండు పాత డబ్బాలు, అంతే వాళ్ల వ్యవసాయం. అయినా మిరపచెట్టు లేని ఇల్లు ఆ క్వార్టర్ల లైన్లలో తక్కువ.

మొక్క అమ్మడం తేలిక, మట్టి అమ్మడం కష్టం. మొక్క ఎలా ఉందో కొనేవాళ్లకు కంటికి కనబడుతుంది. మట్టి సంగతి నెల తర్వాత గానీ బయటపడదు. ఆ నెల తర్వాత అమ్మినవాడు ఎన్ని సాకులైనా చెప్పొచ్చు. ఇరవై ఏళ్ల పనిలో నేను చెప్పిన ఒక సాకు గురించి ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ముందు మట్టి గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంతటిదో అర్థం కాదు. కారం మిరపకైనా, క్యాప్సికం అని మనం పిలిచే కారం లేని పెద్ద మిరపకైనా మొదటి షరతు ఒకటే, వేర్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. పోసిన నీళ్లు మట్టిని తడిపి, మిగిలినవి తొట్టి అడుగు రంధ్రంలోంచి బయటికి పోవాలి. దీన్ని మేము డ్రైనేజీ అంటాం. తొట్టిలో నింపడానికి కలిపిన మట్టిని పాటింగ్ మిక్స్ అంటాం. నా కొలత రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, పైన రెండు గుప్పిళ్ల వేపపిండి. కారం మిరపకు ఎరువు కొంచెం తగ్గించాలి. ఎక్కువైతే ఆకు గుబురుగా పెరుగుతుంది గానీ కాయ పడదు. క్యాప్సికం తిండిపోతు, దానికి ఇంకో దోసెడు ఎరువు కావాలి, తడి కూడా ఆరనివ్వకూడదు. అయితే తడి వేరు, బురద వేరు.

ఆ ఏడు వానలు పట్టుకుని ఎర్రమట్టి ట్రాక్టర్ రాలేదు. నర్సరీ వెనకాల చెరువు మట్టి కుప్ప ఉంది. మా దిక్కు చెరువు మట్టిని బంగారంలా చూస్తారు. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక తీసి చెలకల్లోకి తోలుకుంటారు. చెలక ఇసుక నేల, నీళ్లు పట్టి ఉంచదు. చెరువు మట్టి ఆ లోటు తీరుస్తుంది. కానీ ఎకరం మీద పలచగా పరిచిన మట్టి వేరు, బకెట్లో కుక్కిన మట్టి వేరు. తొట్టిలో అది తడిస్తే మైనంలా అతుక్కుంటుంది, ఎండితే ఇటుక అవుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, చేనుకు మంచిదైనది తొట్టికి చెడ్డదెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఎర్రమట్టి బదులు దాన్నే కలిపి సంచులు నింపాను.

సరిగ్గా ఆ వారమే సుజాత వచ్చింది. ఆమెది భైంసా దగ్గర పల్లె. తండ్రి పత్తి, మిరప వేసే రైతు. పెళ్లయి రెండేళ్ల కింద మందమర్రి వచ్చింది, భర్త గనిలో పనిచేస్తాడు. వెంట ఆమె అత్త రాజవ్వ ఉంది. కోడలి గురించి అత్త చెప్పిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"మా కోడలు చెయ్యి మంచిది బిడ్డా. ఎండుపుల్ల పెట్టినా చిగురు పెడ్తది. మా లైన్ల ఎవ్వలు నారు పెట్టినా మొదటి మొక్క దీనితోనే పెట్టిస్తరు."

సుజాత సిగ్గుపడి నవ్వింది. తర్వాత మట్టి సంచి దగ్గర కూర్చుని అడిగింది.

"అన్నా, గీ మట్టి జర తడిపి సూడొచ్చా?"

చూడమన్నాను. ఆమె పిడికెడు మట్టి తీసుకుని, రాళ్లూ పొట్టూ ఏరేసి, నీళ్లు చిలకరించి ముద్ద చేసింది. ముద్దను అరచేతుల మధ్య నులిమి సన్నని తాడులా చేసింది. ఆ తాడును మెల్లగా వంచి రెండు కొసలు కలిపింది. చిన్నపిల్లల గాజంత అయింది. ఎక్కడా పగులు లేదు.

"మా బాపు గిట్లనే సూస్తడన్నా. మట్టి గాజు లెక్క వంగిందంటే మిర్చికి పనికి రాదంటడు. వంచంగనే పుటుక్కున ఇరగాలె. గిది ఇరుగుతలేదు."

ఇరవై ఏళ్ల నర్సరీవాణ్ని నేను. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా మట్టికి వంక పెట్టడమా? నవ్వేశాను.

"మీ బాపు చేన్ల సూస్తడు చెల్లె. గిది తొట్టి. చేను లెక్క వేరు, తొట్టి లెక్క వేరు. చెరువు మట్టి బలం నీకు తెల్వదు, నెల దినాలైనంక నువ్వే వచ్చి చెప్తవు."

అబద్ధం చెప్పేవాడికి నిజం మాటలే బాగా పనికొస్తాయి. చేను వేరు, తొట్టి వేరు అనే కదా నేను మర్చిపోయిన పాఠం! దాన్నే తిరగేసి ఆ పిల్ల నోరు మూయించాను. రాజవ్వ కూడా "ఆయనకు తెల్వదా ఏంది, తీస్కో పిల్లా" అంది. సుజాత చేతిలోని మట్టి గాజును సంచి మీద పెట్టి లేచింది. ఆరు కారం మిరప మొక్కలు, నాలుగు క్యాప్సికం మొక్కలు, వాటికి సరిపడా మట్టి తీసుకుని వెళ్లారు.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా రాజవ్వ ఫోన్ చేసింది. చెట్లన్నీ వాలిపోతున్నాయి, ఒకసారి వచ్చి చూసిపొమ్మంది. ఆ సాయంత్రమే వెళ్లాను. క్వార్టర్ వెనక గోడ వారగా తొట్లు వరసగా ఉన్నాయి. క్యాప్సికం నాలుగూ పోయాయి. మిరప ఆకులు పసుపు పచ్చగా మారి వేలాడుతున్నాయి. మొక్కల వైద్యుడు వచ్చాడని పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు చేరారు.

మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే అనుమానించాల్సింది రూట్ రాట్‌నే, అంటే గాలి ఆడక వేరు కుళ్లడం. చూసే పద్ధతి కూడా సులువే. తొట్టిని వంచి, మట్టితో సహా మొక్కను బయటికి తీసి వేర్లు చూడాలి. తెల్లగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగుకు తిరిగి జిగటగా ఉంటే కుళ్లినట్టు. నేను తొట్టి వంచలేదు. ముందుగా ఒక తొట్టిలో వేలు గుచ్చాను. సగం వేలు దిగడమే గగనమైంది. బయటికి లాగేసరికి మురుగు కాలువ వాసన గుప్పుమంది.

ఆ వాసనతోనే నాకు అంతా అర్థమైంది. మొక్కను బయటికి తీస్తే చుట్టూ ఉన్నవాళ్లకూ అర్థమవుతుంది. వేలు పంచెకు తుడుచుకున్నాను. సుజాత నా ఎదురుగా నిలబడి నా ముఖంలోకే చూస్తోంది. నేను ఆమె వైపు చూడకుండా రాజవ్వతో అన్నాను.

"అవ్వా, ఇంట్ల ఎవ్వలన్న అంటు ముట్టు ఉన్నప్పుడు చెట్లను తాకిన్రా?"

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను మద్దెలను కూడా అనలేదు, ఒక ఆడపిల్లను అన్నాను. నెలసరిలో తాకితే మిరప మాడిపోతుందని మా దిక్కు చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. నా నర్సరీలో పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే, ఎవరినీ ఏ రోజూ చెట్లకు దూరంగా ఉండమనలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిన నోరు కూడా కాదు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసి, నా మట్టిని కాపాడుకోవడానికి కావాలనే అన్నాను.

రాజవ్వ కోడలి వైపు చూసింది. పక్కింటావిడ "అయ్యో" అంది. సుజాత లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి అదే మట్టి నింపిన నా సొంత తొట్టి ఒకటి వంచాను. వేర్లు ముట్టుకుంటే ఊడి వచ్చాయి. మర్నాడే ఆ కుప్పంతా తీసేయించాను. మట్టి తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా మొక్క పోయిందని వస్తే కొత్త మొక్క, కొత్త మట్టి ఉచితంగా ఇచ్చాను. "ఎంత మంచోడు" అన్నారు. ఆ మెచ్చుకోలు కూడా నోరు మూసుకుని తీసుకున్నాను. సుజాత మాత్రం రాలేదు. నేనూ వెళ్లలేదు.

చలికాలం మొదలయ్యాక వాళ్ల లైన్ నుంచే కమల అనే ఆమె బంతి, వంకాయ నారు కోసం వచ్చింది. మాటల్లో నేనే అడిగాను, నారు సుజాతతో పెట్టిస్తారా అని.

"ఏ, లేదన్నా. గా పిల్లను ఇప్పుడు ఎవ్వలు పిలుస్తలేరు. మొన్న బతుకమ్మకు పువ్వు తెంప వస్తే మా అత్త చెట్టు దగ్గరికి రానియ్యలే. గా పిల్ల తాకంగనే చెట్లన్ని సచ్చినయని చెప్పింది మీరే గదా?"

మీరే గదా అన్నప్పుడు ఆమె గొంతులో నింద లేదు, గౌరవం ఉంది. అది ఇంకా బాధ. రెండేళ్ల కింద కొత్తగా ఆ లైన్‌లోకి వచ్చిన పిల్లకు అక్కడివాళ్లు ప్రేమతో ఇచ్చుకున్న ఒకే ఒక్క పేరు, చెయ్యి మంచిదని. దాన్ని నేను ఒక్క ప్రశ్నతో ఊడబెరికాను.

ఆ ఆదివారం ఎర్రమట్టితో కలిపిన పాటింగ్ మిక్స్, పది మొక్కలు ఆటోలో వేసుకుని వెళ్లాను. సుజాత బట్టలు ఆరేస్తోంది. రాజవ్వ అరుగు మీద బియ్యం ఏరుతోంది. నేను కూర్చోలేదు.

"అవ్వా, తప్పు నాది. మట్టి మంచిది కాదు. నీ కోడలు ఆ దినమే చెప్పింది, నేనే ఇనలే. ముట్టు గిట్టు అంత ఉత్తదే. నా తప్పు దాసుకోనీకి అన్న."

రాజవ్వ చాట పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"గప్పుడు గంతమంది ముంగట అన్నవు గద బిడ్డా. ఇప్పుడు నాకొక్కదానికే వచ్చి చెప్తున్నవా?"

ఆమె లేచి చెప్పులు వేసుకుంది, నేను వెనక నడిచాను. ఆ లైన్‌లో ప్రతి గుమ్మం ముందూ ఆగి ఇవే మాటలు చెప్పాను. మొదటి ఇంటి దగ్గర గొణిగాను. రాజవ్వ "జర గట్టిగ చెప్పు, లోపలోళ్లకు ఇనబడాలె" అంది. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన "నువ్వు చదువుకున్నోనివేనా" అని అడిగాడు. కమల వాళ్ల అత్త మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. చివరిది రాజవ్వ ఇల్లే. అరుగు మీద కూర్చుని ఆమె ఏడ్చింది. "నేను గూడ అన్న బిడ్డా, నేను గూడ దాన్ని అన్న" అంది.

నేను ఇంటి వెనక్కి వెళ్లేసరికి సుజాత కొత్త మట్టి సంచి విప్పి కూర్చుంది. పిడికెడు తడిపి, నులిమి, తాడు చేసింది. వంచడం మొదలుపెట్టగానే విరిగింది. ఆ ముక్కలు సంచిలోనే వేసేసి చేతులు కడుక్కుంది. మొక్కలు నాటుతుందేమోనని నిలబడ్డాను. నాటలేదు.

"మొక్కలు ఆడ నీడకు పెట్టన్నా, తర్వాత సూస్తం" అంది.

మొక్కలు నీడలో పెట్టి, వెళ్లొస్తానని చెప్పి గేటు దాకా వచ్చాను. వెనక నుంచి పిలిచింది.

"అన్నా, ఆ దినం నువ్వు వేలు బయటికి గుంజంగనే వాసన నాక్కూడ వచ్చింది. నీకు సమజైందని నాకు ఎర్కైంది. చెప్తవని సూసిన."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు నా నర్సరీలో మట్టి కుప్ప పక్కన ఒక చెంబు నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. మిరపకు మట్టి కావాలని వచ్చినవాళ్లను ముందు తడిపి గాజు చుట్టి చూడమంటాను, విరిగితేనే తీసుకోమంటాను. వాలిపోయిన మొక్కను ఎవరైనా తెస్తే, ఒక్క మాట మాట్లాడకముందే వాళ్ల కళ్ల ముందే తొట్టి వంచి వేర్లు చూపిస్తాను. మట్టి పరీక్ష ఎవరు నేర్పారని అడిగితే భైంసా దిక్కు చెల్లె ఒకామె అని చెబుతాను. తొట్టి వంచడం ఎవరు నేర్పారని ఎవరూ అడగరు. అదీ ఆమే నేర్పింది.