ఆవకాయలో పడ్డ ఎర్ర మంత్రగాడు

ఉద్యోగంలో చేరి, చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్న ఆ రోజుల్లో మా ఈడువాళ్లు కొందరు బైకు కొన్నారు, కొందరు వాళ్లమ్మకి పట్టుచీర కొన్నారు, తెలివైనవాళ్లు స్థలం కొన్నారు. నేను అట్టపెట్టెలు కొన్నాను. ఈ మాట నాది కాదు, మా నాన్నది. ఆయన నూజివీడులో మామిడికాయల వ్యాపారి. ఆయన లెక్కలో అట్టపెట్టె అంటే అందులో కాయలుండాలి, అది లారీ ఎక్కాలి. నా పెట్టెలు లారీ ఎక్కేవి కావు, బీరువా ఎక్కేవి. వాటిలో ఉండేవి బోర్డు గేములు. చిన్నప్పుడు అందరం ఆడిన వైకుంఠపాళికి ఇవి దూరపు చుట్టాలు. ఒక్కో పెట్టెలో ఒక పటం, గుట్టలుగా కార్డులు, పాచికలు, చెక్కబిళ్లలు, బొటనవేలంత ప్లాస్టిక్ మనుషులు. ఇంటినుంచే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే ఉద్యోగం కాబట్టి వాటి సంరక్షణకి నాకు కావలసినంత తీరిక (అంటే మీటింగుల్లో మైకు ఆపేసి ఉన్నంతసేపు). వానాకాలం చెమ్మకి అట్టలు ఉబ్బకుండా, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఏరి తెచ్చి వాటిలో వేసేవాణ్ణి. చెద పట్టకుండా నెలకోసారి అన్నీ దించి, దులిపి, మళ్లీ సర్దేవాణ్ణి. అమ్మ రగ్గులూ దుప్పట్లూ ఆ బీరువాలోంచి ఎప్పుడు మంచం కిందకి దిగాయో ఆవిడకే తెలియదు.

బొమ్మలకి రంగులు వెయ్యడం ఆ పెట్టెల వెనకాలే వచ్చిన జబ్బు. ఆ ప్లాస్టిక్ మనుషులు బూడిదరంగులో వస్తారు. ముందు వాళ్లకి నల్లపూత వెయ్యాలి. అది ఆరాక అసలు రంగు. ఆ పైన బట్టల మడతల్లో నీడ పడినట్టు పలచటి మురికిరంగు, అంచుల్లో వెలుగు. చివర్లో, ఊపిరి బిగపట్టి, కళ్లు. నాలుగు వెంట్రుకలున్న కుంచె, ఒక భూతద్దం, వణికే చెయ్యి. ఫ్యాను వేస్తే రంగు ఆరిపోతుంది, వెయ్యకపోతే నేను ఉడికిపోతాను. మా నాన్న గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "వేలెడు లేడు, వాడికి చొక్కా తొడగడానికి వారమా? పెళ్లికొడుక్కి కూడా ఇంతసేపు పట్టదురా" అనేవాడు.

అలా వారం కూర్చుని తొడిగింది ఎర్ర మంత్రగాడికి. విజయవాడలో నలుగురైదుగురు స్నేహితులం నెలకోసారి కలిసి ఆడే, గుహల్లో నిధి వెతికే ఆటలో నా బొమ్మ వాడు. తెల్లగడ్డం, చేతిలో కర్ర, ఒంటిమీద మిరపపండు రంగు అంగీ. ఆ ఎరుపు కుదరడానికి మూడు రంగులు కలిపాను. ఎంత బాగా కుదిరిందో తర్వాత తెలిసింది.

ఇక్కడ మా ఆవకాయత్త గురించి చెప్పాలి. మా నాన్నకి అక్క. మావయ్య పోయాక మా వీధి చివరింట్లో ఒక్కతే ఉండేది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది ఆవిడే. అసలు పేరు చుట్టాల్లో సగంమందికి తెలియదు. మే నెల వచ్చిందంటే మా పెరటి వసారా ఆవిడ రాజ్యం. స్నానం చెయ్యనివాళ్లు గుమ్మం దాటకూడదు, చేసినవాళ్లు మాట్లాడకూడదు. ఆవిడ కలిపిన ఆవకాయ ఇంటింటికీ జాడీల్లో వెళ్లేది. అందులో ఒకటి బాపులపాడులో మా పెద్దమ్మకి, అంటే మా అమ్మ అక్కకి. ఆ పెద్దమ్మ ఒకప్పుడు ఒక పెళ్లి భోజనాల్లో, నలుగురూ వింటుండగా, "ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైందేమో వదినా" అంది. మా అత్త ఆ మాట మర్చిపోలేదు. జాడీ పంపడమూ మానలేదు. ఏటా ఆ జాడీ ఒక సవాలులా వెళ్లేది.

ఆ ఏడు ఆవకాయ పెట్టిన రోజున నా మంత్రగాడు, వాడితోపాటు ఇంకో ఇద్దరు, ఒక చేటలో పెరటి వసారా అంచున ఆరుతున్నారు. పక్కనే తెల్లటి పంచె మీద తుడిచిన మామిడి ముక్కలు పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. మామిడి ఊళ్లో ఆ కాలంలో గాలి లేస్తే పిడుగు పడ్డట్టే. నాన్న "కాయ రాలిపోద్దిరోయ్!" అంటూ తోటకి పరుగెత్తాడు. అత్త, అమ్మ, నేను పంచె నాలుగు మూలలూ పట్టుకుని ముక్కల్ని లోపలికి లాక్కొచ్చాం. చేట తిరగబడి ఉంటే, కిందపడ్డ బొమ్మల్ని ఏరి డబ్బాలో పడేసి మూత పెట్టాను. లెక్క చూసుకోలేదు. ఎదురుగా పంచెలో ముక్కలు, కారం, ఆవపిండి, నూనె, అత్త అరుపులు. ఆ గొడవలో మంత్రగాడు ఎవడికి గుర్తుంటాడు?

చాలా రోజుల తర్వాత, శనివారం ఆటకి విజయవాడ వెళ్లాలని డబ్బా తెరిస్తే వాడు లేడు. మంచం కింద, బీరువా వెనక, తులసికోట చుట్టూ వెతికాను. వసారాలో నిలబడి ఆ గాలిరోజు తల్చుకున్నాను. చేట ఎక్కడ పడింది, పంచె ఎక్కడ ఉంది. రెండిటికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. వంటింట్లోకి వెళ్లి, ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పి గరిటెతో అడుగుదాకా కెలుకుతుంటే అమ్మ పట్టుకుంది.

"స్నానం చేశావా? ఏంట్రా ఆ కెలకడం?"

చెప్పాను. అమ్మ అక్కడే పీట మీద కూలబడింది. "రంగులా? విషమేమో కదరా!"

"నీళ్ల రంగులేనమ్మా, ఏం కాదు" అన్నాను, డబ్బా మీద ఏం రాసుందో ఎప్పుడూ చదవకుండానే.

"మన జాడీలో లేకపోతే ఇంకెవరి జాడీలో ఉన్నాడు?" అమ్మ గొంతు తగ్గించింది. "ఒరే, మీ అత్తకి తెలిసిందంటే ప్రాణం పోద్ది. మా అక్క జాడీలో గనక దొరికాడంటే ఇంకెప్పుడూ చెయ్యి ఆవకాయలో పెట్టదు. ముందు నువ్వెళ్లి చూసిరా."

బండి తీశాను. ముందు ఆగిరిపల్లిలో మా మేనమామ ఇల్లు. వేళగాని వేళ వెళ్లి, "ఊరికే చూసిపోదామని" అన్నాను. భోజనం చేసి వెళ్లమన్నారు. నాకు కావలసిందీ అదే. "అత్తయ్యా, ఆవకాయ వెయ్యండి. అడుగునుంచి తియ్యండి, అడుగుది బాగా ఊరుద్ది" అన్నాను. ఒక ముద్ద, రెండు ముద్దలు. గట్టిగా తగిలిన ప్రతిదాన్నీ వేళ్లతో నొక్కి చూసేవాణ్ణి. అన్నీ టెంకలే. ఆఖరికి జాడీయే పక్కన పెట్టమని, సొంతంగా వడ్డించుకుంటూ అడుగు దాకా దేవాను. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. మావయ్య కాసేపు నావైపు చూసి, అత్తయ్యని లోపలికి పంపించి, నా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉద్యోగం పోయిందా?"

"లేదు మావయ్యా."

"పోతే పోయింది. మన తోటుంది. కాపలాకి నువ్వే రా. ఏడవకు."

కారం వల్ల అన్నాను. ఆయన నమ్మలేదు. వెళ్లేటప్పుడు జేబులో రెండు వందల కాగితం కుక్కాడు.

అక్కణ్ణుంచి మళ్లీ నూజివీడు మీదుగా బాపులపాడు. మే ఎండ నెత్తిన, ఆవకాయ కడుపులో. దారిలో రెండుచోట్ల సోడా తాగాను. పెద్దమ్మ వాకిట్లోనే నిలబెట్టి ఎగాదిగా చూసింది. "ఏంట్రా మొహం అలా ఉడికిపోయింది?" అంది. పళ్లెం పెట్టగానే మళ్లీ అదే పాట పాడాను: "అత్త పంపిన ఆవకాయ వెయ్యి పెద్దమ్మా, అడుగునుంచి."

పెద్దమ్మ కదల్లేదు. "నేను పెట్టింది ఉంది, అది వేస్తా."

"అత్తది కావాలి."

"అది... ఉంది లేరా ఎక్కడో."

దొరికాడు, అనుకున్నాను. దొరికాడు కాబట్టే దాచింది. రేపు ఏ పెళ్లిలోనో నలుగురూ వింటుండగా బయటికి తీస్తుంది. ఇక ఆగలేక లేచి వంటింట్లోకి వెళ్లాను. అత్త జాడీ అటకమీద బోర్లించి ఉంది. కడిగేసి ఉంది. పక్కనే పెద్దమ్మ పెట్టిన జాడీ, నిండుగా, ఇంకా గుడ్డయినా విప్పకుండా.

పెద్దమ్మ వెనకాలే వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆవిడ నన్ను చూసి తల దించుకోవడం చూశాను.

"అయిపోయిందిరా. పిల్లలు తినేశారు." (పిల్లలు ఆ వేసవికి హాస్టలునుంచి ఇంకా రానేలేదు.) మళ్లీ తనే, "నేనే తినేశాను. మీ అత్తకి చెప్పకు. ఇంకొంచెం పంపమను, నీకు కావాలని చెప్పి పట్టుకురా" అంది.

"అందులో... ఏమీ తగల్లేదా పెద్దమ్మా?"

"ఏం తగలాలి? ఉప్పు కూడా సరిగ్గా ఉందీసారి."

ఖాళీ జాడీ బండి ముందు పెట్టుకుని ఇంటిదారి పట్టాను. మంత్రగాడు ఇంకెక్కడున్నాడో ఆలోచించే ఓపిక కూడా లేదు. వీధి మలుపు తిరగగానే, ఖర్మ, అత్త అరుగుమీదే కూర్చుని ఉంది. నాకన్నా ముందు జాడీని చూసింది. ఆ మూత ఏ జాడీదో, అది ఎవరింటికి వెళ్లిందో ఆవిడకి తెలియకపోవడమేంటి? లేచి నిలబడింది. మొహం పాలిపోయింది.

"తిప్పి పంపిందా?" అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. అంత చిన్నగా అత్త మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"అయ్యో, కాదత్తా!"

"మరి జాడీ ఎందుకొచ్చింది?"

చెప్పకని పెద్దమ్మ అన్న మాట గుర్తొచ్చింది. అత్త మొహం చూశాక అది మర్చిపోవడమే న్యాయం అనిపించింది. మూత తీసి జాడీ ఆవిడ ముందు వంచి పట్టుకున్నాను. "మొత్తం తినేసింది. తనది ఇంకా విప్పనేలేదు. మళ్లీ పంపమంది. ఉప్పు సరిగ్గా ఉందంట."

అత్త జాడీలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "పదిమందిలో అనొచ్చుగా ఆ మాట" అంది. అని నవ్వింది. ఆ నవ్వులో కాస్త తేరుకున్నాక, "అయినా నువ్వెందుకెళ్లావురా అంత ఎండలో?" అని అడిగింది.

తప్పించుకోలేక, గాలిరోజు మొదలు ఆగిరిపల్లి మీదుగా అంతా చెప్పాను. అత్త లోపలికెళ్లి, గుప్పిట మూసుకుని వచ్చింది. తెరిస్తే అందులో వాడు. గడ్డం, కర్ర, అంగీ మడతలు అన్నీ ఉన్నాయి, రంగు మాత్రం ఒక్క చుక్క లేదు. పెట్టెలోంచి వచ్చిననాటి బూడిదరంగులో మెరిసిపోతున్నాడు.

"మూడో రోజు తిరగ కలుపుతుంటే చేతికి తగిలాడు. మడతల నిండా ఒకటే మురికి. చింతపండు, పీచు పెట్టి తోమాను. చూడు, ఎంత శుభ్రంగా వచ్చాడో."

ఆ మురికి వెయ్యడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. కానీ ఆవిడ అంత గర్వంగా చూపిస్తుంటే ఏమనగలను? "బాగా వచ్చాడత్తా" అన్నాను. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే? అత్త ఆవకాయలో బొమ్మలొస్తున్నాయని ఊరంతా అనుకోరూ? పారేద్దామంటే ఏడాది సరుకు. ఆ రంగులేంటో నాకేం తెలుసు! అందుకే ఇంకా ఊరాలని మీకందరికీ చెప్పి ఆపాను. వారం రోజులు రెండు పూటలా నేనే తిని చూశాను. ఏం కాలేదు. అప్పుడు పంపాను."

"ఏమైనా అయ్యుంటేనో?"

"అయితే నాకే అయ్యేదిగా" అంది అత్త, అదేదో చాలా మామూలు విషయమైనట్టు. అని, "మజ్జిగ తాగు, మొహం చూడు ఎలా ఉందో" అంటూ లోపలికెళ్లింది.

నేను అరుగుమీద కూర్చుని వాణ్ణి చేతిలో తిప్పుతూ ఉండిపోయాను. శనివారం వాణ్ణి అలాగే, రంగులేకుండానే పట్టుకెళ్లాను. రంగురంగుల బొమ్మల మధ్య వాడొక్కడే బోసిగా నిలబడ్డాడు. వాసన మాత్రం రాజాలా ఉండేది. ఆట మధ్యలో ఒకడు ముక్కు ఎగబీల్చి, "ఆకలేస్తోందేంట్రా" అన్నాడు. ఆ మరుసటేడు ఆవకాయకి కూర్చునేముందు అత్త వసారా నలువైపులా చూసి, "ముందు నీ మనుషుల్ని లోపల పెట్టుకోరా" అంది. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉన్న చట్టం.

ఇప్పుడు నా పెట్టెలకి గది నిండా అరలున్నాయి. బొమ్మల కళ్లు వెయ్యాలంటే మాత్రం నా కళ్లకే అద్దాలు కావాలి. ఆవకాయ రెండో ముద్దకే, ఒంటికి పడదంటూ మా ఆవిడ నా పళ్లెం పక్కకి జరిపేస్తుంది. పోయిన వస్తువు ఏదైనా సరే, ఇంకొకటి తెప్పించుకుంటే పోయేదానికి బండి తియ్యడమెందుకని అనుకునే వయసు వచ్చేసింది. కడుపు మండుతూ, కళ్లనీళ్లు కారుతూ, వేలెడు ప్లాస్టిక్ మనిషి కోసం మే ఎండలో ఊళ్లు తిరిగిన ఆ కుర్రాడు ఇప్పుడు దారిలో ఎక్కడైనా ఎదురైతే బాగుణ్ణు. నవ్వను. వాణ్ణి కాసేపు నీడన కూర్చోబెడతాను.